పొట్టకీ స్టీరింగుకీ మధ్య అరచెయ్యి

చిరంజీవి అమ్మాయికి, డ్యూటీ దిగీ దిగగానే బాబాయి దీవిస్తూ రాసేది.

మా డిపోలోకి కొత్త బస్సులొచ్చాయి. డ్రైవరు కూర్చున్నాక పొట్టకీ స్టీరింగుకీ మధ్య ఇన్‌స్పెక్టరు అరచెయ్యి దూర్చి చూస్తున్నాడు. దూరకపోతే బస్సు లాక్కుని మనిషిని వర్క్‌షాపులో పడేస్తున్నాడు. ఇప్పటికే ముగ్గురు అక్కడ టైర్లు దొర్లిస్తున్నారు. నాకు రెండు నెలలు గడువిచ్చాడు. స్టీరింగు లేకపోతే నేను బతకలేనమ్మా. ఆస్పత్రిలో రోగులకి తిండి లెక్కలు రాసిస్తావుగా, నాకూ ఒకటి రాసివ్వు. ఎత్తూ బరువూ వెనక రాశాను.

మీ బాబాయి

తా.క.: పొట్ట తగ్గిస్తానంటే మీ పిన్ని ముఖం మాడ్చుకుంది. అది తన పాతికేళ్ళ కష్టమట.

*

బాబాయికి నమస్కారాలు.

నీకు రోజుకి 1800 క్యాలరీలు చాలు. అందులో ముప్ఫై శాతం ప్రొటీన్, నలభై శాతం పిండిపదార్థం, ముప్ఫై శాతం కొవ్వు. అంటే వరసగా 540, 720, 540. మిగతాది చిన్న లెక్కే, నువ్వే తేల్చేసుకో.

నీ అమ్మాయి

తా.క.: పిన్నిని తూకం చూసి వడ్డించమను.

*

అమ్మాయికి, మంచం మీంచి బాబాయి రాసేది.

నువ్వు మా అన్నయ్య కూతురివేనా? మీ పిన్ని 540 గ్రాముల కొవ్వు అని అరకిలో పైచిలుకు నూనె తూచి నా ముందు పెట్టింది. ఉద్యోగం కదా అని నాలుగు గరిటెలు మింగి కూలబడ్డాను.

మీ బాబాయి

తా.క.: మిగిలిన నూనె బస్సులో పోసుకోమంటోంది.

*

బాబాయికి,

అవి క్యాలరీలు, గ్రాములు కావు. ప్రొటీనుకీ పిండిపదార్థానికీ గ్రాముకి నాలుగు క్యాలరీలు, కొవ్వుకి తొమ్మిది. వాటితో భాగిస్తే ప్రొటీన్ 135 గ్రాములు, పిండిపదార్థం 180, కొవ్వు 60. పైగా అది తిండి బరువు కాదు, తిండిలో ఉండే సరుకు బరువు. గుడ్డు యాభై గ్రాములు తూగినా అందులో ప్రొటీన్ ఆరు గ్రాములే.

నీ అమ్మాయి

తా.క.: ఇక ఆ నూనె జోలికి పోకు.

*

అమ్మాయికి,

135ని ఆరుతో భాగించాం. ఇరవై రెండున్నర గుడ్లు. తొమ్మిదో గుడ్డుకి కళ్ళు తేలేశాను. కండక్టరు నా పక్కన నిలబడటం మానేశాడు.

మీ బాబాయి

తా.క.: ఆ అరగుడ్డులో మిగతా సగం ఎవరు తినాలని మీ పిన్ని అడుగుతోంది.

*

బాబాయ్,

ఆపు. అన్ని గుడ్లు తింటే కొవ్వు నూటపది గ్రాములు దాటుతుంది. ప్రొటీన్ మొత్తం ఒక్క గుడ్లలోంచే రానక్కర్లేదు. పప్పు, చేప, పెరుగు, రెండు గుడ్లు, అన్నీ కలిపి లెక్క చూసుకో.

నీ అమ్మాయి

తా.క.: మిగతా సగం ఎవరికైనా ఇచ్చెయ్యమను, నీకు మాత్రం వద్దు.

*

అమ్మాయికి, డిపోలోంచే బాబాయి రాసేది.

నువ్వు చెప్పినట్టే తిన్నాను. పొట్ట తగ్గింది గానీ అరచెయ్యంత కాదు. ఇవాళే కొలత. ఇన్‌స్పెక్టరు బలవంతాన చెయ్యి దూర్చాడు. అది మళ్ళీ బయటికి రాలేదు. నేను ఊపిరి బిగబట్టాను, కండక్టరు ఆయన నడుం పట్టుకుని గుంజాడు. ఆ పెనుగులాటలో ఆయన కాలు సీటు కింద ఏదో కమ్మీకి తగిలింది. టక్కుమని సీటు నాతో సహా జానెడు వెనక్కి జరిగింది.

పాత బస్సుల్లో సీట్లు బిగించేసి ఉండేవి. ఇవి జరుగుతాయని మాలో ఒక్కడికీ తెలియదమ్మా. ఇన్‌స్పెక్టరు బయటపడ్డ చెయ్యి దులుపుకున్నాడు. తర్వాత ఆ ముగ్గురినీ పిలవడానికి వర్క్‌షాపు వైపు నడిచాడు. నా బస్సు నాకే ఇచ్చాడు.

మీ బాబాయి

తా.క.: సీటు వెనక్కి జరిగాక నా కాళ్ళు బ్రేకుకి అందడం లేదు. ముందుకి జరిపితే పొట్ట. కాళ్ళు పొడుగవడానికి ఏం తినాలో వెంటనే లెక్కగట్టి పంపు. ఈసారి గ్రాముల్లోనే రాయి.