అలలు కొలిచే గిన్నె

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా.

మీ ఆఫీసు వాళ్లు రేవు మీద నా గది కిటికీ పక్కనే ఒక గొట్టం పాతి, సముద్రం వైపు వంగిన గిన్నె ఒకటి దానికి బిగించి పోయారు. కింద ఎర్ర అంకెల బోర్డు. ఆకాశంలో ఉపగ్రహాల మాట విని అల ఎత్తు చెబుతుందట. ఇన్నేళ్లుగా రేవు స్తంభం మీది గీతలు చూసి ఆ ఎత్తు చెబుతున్నది నేను. పొద్దున్నే పడవల వాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి, "ఏం బాబాయ్, వెళ్లమంటావా?" అని అడిగేవారు. ఇప్పుడు బోర్డు చూసి, నా వైపు తలైనా తిప్పకుండా తాడు విప్పుకుంటున్నారు.

దాన్ని ఎప్పుడు తీసుకుపోతారు?

నీ బావ

తా.క.: గిన్నెకు ఉప్పు పడుతుందని మీ అక్క రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. నా కళ్లద్దాలు ఒక్కనాడు తుడిచిన పాపాన పోలేదు.

---

బావగారికి నమస్కారాలు.

గిన్నె మీద కుళ్లు ఎందుకండీ? ఉపగ్రహం పంపే సంకేతం నీళ్ల మీద పడి వెనక్కి వస్తుంది. నీళ్లు నున్నగా ఉంటే అద్దం మీంచి వచ్చినట్టు శుభ్రంగా వస్తుంది. అలలుంటే చెదిరిపోతుంది. ఆ చెదురును బట్టి ఎత్తు లెక్క కడుతుంది, అంతే. మీరు మాత్రం ఎప్పటిలా రోజూ మీ కొలత మాకు పంపండి. మరిచిపోవద్దు.

మీ బావమరిది

తా.క.: పనిలో పనిగా మీ కళ్లద్దాలు కూడా తుడవమని అక్కకు విడిగా రాస్తున్నాను.

---

చిరంజీవి బావమరిదికి,

దొంగ దొరికింది. నీ గిన్నె నన్ను చూసి కాపీ కొడుతోంది. నేను మీటరుంపావు అంటే అదీ మీటరుంపావే.

రుజువు కోసం, సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉన్నప్పుడల్లా మీకు మూడు మీటర్లని పంపాను. వారం తిరక్కుండానే, అల అన్నదే లేని పూట బోర్డు మీద మూడు మీటర్లు! పడవల వాళ్లకు నోటితో నిజం చెప్పాను. నమ్మలేదు. పడవలు కట్టేసి ఇళ్లకు పోయారు. దీన్ని మోసుకుపోవడానికి వెంటనే బండి పంపు.

నీ బావ

తా.క.: మీ అక్క కూడా బోర్డు చూసి ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేసింది. "ఒకసారి కిటికీలోంచి చూడవే, సముద్రం నిద్రపోతోంది" అన్నాను. "మీకేం తెలుసు, ఊరుకోండి" అంది.

---

బావగారూ, కొంప ముంచారు!

అది కాపీ కొట్టడం లేదు. మేమే మీ కొలతలు చూపించి దానికి పాఠం చెబుతున్నాం. సంకేతం ఇంత చెదిరితే అల ఇంత అని మొదట ఎవరో ఒకరు నేర్పాలి కదా. ఆ ఎవరో మీరే. మీరు అబద్ధం చెప్పారు, అదీ అబద్ధమే నేర్చుకుంది. మా ఆఫీసరు నిప్పులు చెరుగుతున్నాడు. ఆ తప్పుడు కొలతలు తీసేశాం. ఇక తప్పు కొలత పంపనని మాటివ్వండి, నా ఉద్యోగం మీ చేతిలో ఉంది. ఆఫీసరే వచ్చి పరీక్ష చేస్తాడు. అది పాసైతే దాన్ని పక్క రేవుకు మార్చేస్తాం. మీకూ పీడ వదులుతుంది.

మీ బావమరిది

తా.క.: మీరు నాకు బావగారని ఆయనకు తెలియదు. తెలియనివ్వకండి.

---

చిరంజీవి బావమరిదికి,

అది నా శిష్యుడని ముందే ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది?

నీ ఉత్తరం అందిన పూట నుంచి ఒక్క తప్పు కొలత పంపలేదు. గిన్నెకు అచ్చం నా వరసే వచ్చింది. పడవల వాళ్లు బోర్డు చూస్తుంటే "నేర్పింది నేనే" అంటున్నాను. మళ్లీ కిటికీ దగ్గర ఆగుతున్నారు.

కానీ పక్క రేవు వాణ్ణి నువ్వెరుగుదువా? అల మొహం చూడకుండా, బీడీ కాలుస్తూ, నోటికి వచ్చిన అంకె రాసే రకం. రేపు నా శిష్యుణ్ణి పక్కన పెట్టుకుని "నేనే నేర్పాను" అంటాడు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

మీ ఆఫీసరు వచ్చాడు. సముద్రం ఎగిరెగిరి పడుతోంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. బోర్డు మీద మాత్రం సున్నా. "ఇదింకా పసిగుడ్డేనండీ, మరో ఏడాది మీ దగ్గరే ఉంచండి" అని సంతకం పెట్టి పోయాడు. నేను కాదనలేదు. నీ ఊసు రాలేదు, నిశ్చింతగా ఉండు.

నీ బావ

తా.క.: తప్పు కొలత పంపలేదు, మాట నిలబెట్టుకున్నాను. ఆయన బోర్డు చూస్తున్నంతసేపూ, టీ తెచ్చిన స్టీలు పళ్లేన్ని కిటికీలోంచి చాచి గిన్నె ముందు పట్టుకున్నాను. నున్నగా ఉంటే అద్దమేనని నువ్వే రాశావు.

ఇంకో తా.క.: తుడిచే గుడ్డ ఇప్పుడు నా జేబులో ఉంటోంది. మీ అక్కను గిన్నె ముట్టుకోనివ్వడం లేదు.