అంబాసిడర్‌కు హీటర్

జనవరి 5, 2026. సోమవారం
తాతనయ్యాను! ఎనిమిదో తరగతి తప్పి లారీ స్టీరింగ్ పట్టిన ఈ సంజీవరావు డెబ్బయ్యో ఏట తాతయ్యాడు! పెళ్లయిన పదకొండేళ్లకు మా అమ్మాయి ఏంజెల్ కడుపు పండింది. ఆడపిల్ల. నెలలు నిండలేదు, కేజీ ఆరువందలు. అద్దంలోంచి చూసి ఏడ్చేశాను, నర్సమ్మలు నవ్వారు. పాలెంతో వెచ్చదనం అంతేనండీ, చలి తగలనివ్వకండి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

మనవరాల్ని నా కారులోనే ఇంటికి తెస్తాను. అరవై నాలుగు మోడల్ అంబాసిడర్. ఏంజెల్ పుట్టినప్పుడు నేనూ మా ఆవిడ అమలమ్మా దాన్ని అందులోనే ఇంటికి తెచ్చుకున్నాం. అమలమ్మ ఇప్పుడు లేదు. కారు ఉంది. కానీ లోపల చలి. హీటర్ పెట్టించాలి.

జనవరి 8
ఆటోనగర్ వెళ్లాను. మెకానిక్ చక్రి పడీపడీ నవ్వాడు. బెజవాడలో హీటరేంటి బాబాయ్, ఏప్రిల్ దాకా ఆగు, దేవుడే ఫ్రీగా వేస్తాడు అన్నాడు. పాప సంగతి చెప్పాక నవ్వు ఆపి మూడు రకాలు చెప్పాడు. బ్యాటరీది దోమకు కూడా చాలదట. డీజిల్‌ది బాగా వేడెక్కుతుందిగానీ పొగ లోపలికొస్తే ప్రమాదమట. పసిబిడ్డ ఉన్న కారులో పొగా! వద్దన్నాను. ఇంజన్ వేడినీళ్లు గొట్టంలో లోపలికొచ్చి, వెనక ఫ్యాన్ తిరిగేది ఖాయం చేశాను. పాత జీపుది, రాగిది. ముద్దొచ్చింది.

జనవరి 11, ఉదయం 6
హీటర్ బిగించేశాడు! ఇంజన్ అరగంట తిప్పి థర్మామీటర్ పెట్టి చూశాను. ముందు సీటు ముప్ఫై తొమ్మిది. వెనక ఎడమవైపు పదహారు.
బయటే పంతొమ్మిది ఉంది.

జనవరి 12
అద్దాలన్నీ ఎక్కించి మళ్లీ చూశాను. పదహారే.

జనవరి 17
చక్రి గొట్టం వెనక్కి లాగాడు. చెయ్యి పెడితే గాలి కాలుతోంది. ఎడమ సీటు మీదికి రాగానే చల్లబడుతోంది. వాడు జోకులు మానేశాడు. సీటు ఎత్తితే కింద తడి ఊక. సీట్లు రెండుసార్లు మార్చాను, ఆ ఊక ఎక్కడిది? ఐసు పెట్టి చేపలు తోలావా బాబాయ్ అని అడిగాడు. తోలానన్నాను. అబద్ధం.

ఇక్కడైనా నిజం రాసుకుంటాను. బుడమేరు వరదప్పుడు అమలమ్మ పోయింది. సింగ్ నగర్ ఇంట్లో గుండెలదాకా నీళ్లు. కారును ముందురోజే ఫ్లైఓవర్ ఎక్కించాను. అమలమ్మను అందులోనే, వెనక ఎడమవైపు, ఎప్పుడూ కూర్చునే చోటే పెట్టాను. ఫ్రీజర్ బాక్స్ దొరకలేదు. హనుమాన్ జంక్షన్ నుంచి చేపల కొండలయ్య ఊకలో చుట్టిన ఐసు దిమ్మలు తెచ్చాడు. రెండు రోజులు. అవనిగడ్డ నుంచి ఏంజెల్ వచ్చేదాకా. అమ్మను ఆసుపత్రి మార్చురీలోనే ఉంచారమ్మా అని దానికి చెప్పాను.

అసలే చలి ఓర్చుకోలేని మనిషి.

జనవరి 22
ఎల్లుండి డిశ్చార్జి! అల్లుడు యేసుకుమార్ టాక్సీ మాట్లాడతానన్నాడు. ఏంజెల్ ఒప్పుకోలేదట, నాన్న కారే రావాలందట! సంతోషంతో వీధిలోనే చిందులేశాను. తర్వాత ఆ ఎడమ సీటు గుర్తొచ్చింది. హీటర్ ఓడిపోయింది. సంగతి చెప్పకుండా బిడ్డను ఆ చలిలో కూర్చోబెట్టలేను.

బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రికి వెళ్లి, ఏంజెల్ మంచం పక్కన నిలబడి అంతా చెప్పేశాను. అది పాపను గుండెకు కట్టుకునే ఉంది. నాకు తెలుసులే నాన్నా అంది. అమ్మను పూడ్చిననాడే కొండలయ్య మామయ్య సమాధుల దగ్గర చెప్పేశాడట. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా, పిచ్చి నాన్నా, రెండు రోజులు ఆ ఐసు పక్కన ఒక్కడివే కూర్చున్నావా అంది. ఒక్కణ్ణే ఎందుకు, మీ అమ్మ ఉందిగా అన్నాను.

చలిగా ఉంటే దిగి ఆటో ఎక్కుదాంలే, ముందు అమ్మకు పాపను చూపించనీ అంది.

జనవరి 24
ఏంజెల్ ఎడమ తలుపు తీసింది. సీటు మీద చెయ్యి పెట్టింది. కాస్త జరుగు అమ్మా అంది. పాపతో కూర్చుంది.

గుణదల చేరేలోపే హీటర్ ఆపేయాల్సి వచ్చింది, ఉక్క. పాప ఒళ్లు ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది. స్తోత్రం!

వాళ్లు ఇంట్లోకి వెళ్లాక కారు తలుపు మూయబోయాను. సీటు రెండు చోట్ల అణిగి ఉంది. ఒకటి ఏంజెల్‌ది. రెండో దాని మీద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.