చెత్త లేని ఇంటి రాయితీ

న్యూజెర్సీ, మార్చి 3

టౌన్‌షిప్ చెత్త విభాగంలో తెలుగు ఉత్తరాలు చూసే జితేందర్ గారికి,

ప్రభువు పేరిట వందనాలు. నా పేరు జోసఫిన్. వయసు డెబ్బై ఒకటి. మావారు ఇమ్మాన్యుయేల్ గారు పోయాక సోషల్ సెక్యూరిటీ పింఛను చెక్కు ఒక్కటే ఆధారం. రెండు ట్రాష్ బిల్లులు కట్టలేకపోయాను. మూడోదీ తప్పితే బాకీ ఇంటి మీదికెక్కి, ఇల్లు వేలానికి వస్తుందని నోటీసు వచ్చింది. పేదవాళ్లకు సగం తగ్గిస్తారట కదా. పదకొండు కాగితాలు జతచేశాను.

ఇట్లు,
మీ సాయం కోరే జోసఫిన్

తా.క.: పన్నెండోది, నేను పేదదాన్నని పొరుగువారు రాసివ్వాలన్నారు. పక్కింటి శాంతి రాసింది గానీ, "చాలా నీట్‌గా ఉంటారు" అని కూడా చేర్చింది. దాన్ని పట్టించుకోవద్దు.

మార్చి 14

జోసఫిన్ గారికి నమస్కారం.

మీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ మా ట్రక్కు లెక్క ప్రకారం ఆరు నెలల్లో మీ బిన్ ఒక్కసారి కూడా రోడ్డు మీదికి రాలేదు. అందుకని ఆ ఇంట్లో ఎవరూ లేరని నమోదు చేశాం. ఖాళీ ఇళ్లకు రాయితీ ఉండదు, బిల్లు ఉంటుంది. మీరు అక్కడే ఉంటున్నట్టు చెత్తతో రుజువు చేయగలరు.

భవదీయుడు,
జితేందర్

తా.క.: ఒకవేళ మీరు మరణించి ఉంటే వేరే ఫారం ఉంది. సంతకం మీరే చేయాలి.

మార్చి 18

జితేందర్ గారికి వందనాలు.

బతికే ఉన్నాను. బీరకాయ తొక్కు పచ్చడవుతుంది. పెరుగు డబ్బాలో పప్పులు పోస్తాను. షాపు కవర్లు ఇంకో కవర్లో దాస్తాను. మిగిలింది కరివేపాకు కుండీకి. ఇంక పారేయడానికి ఏముంటుంది? అయినా మీరు అడిగారని, ఆదివారం ఎడిసన్‌లో మా తెలుగు చర్చి లంచ్ అయ్యాక నాలుగు సంచులు తెచ్చి మీ బిన్ నింపాను.

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న జోసఫిన్

తా.క.: కారులో దింపిన మా చర్చి అమ్మాయి ఫెబీ, "ఆంటీ, అందరూ ఫుడ్ తీసుకెళ్తారు, మీరు ట్రాషా?" అంది. ఇక్కడే పుట్టిన పిల్ల. గవర్నమెంటుతో ఇంకా పని పడలేదు.

మార్చి 27

జోసఫిన్ గారికి నమస్కారం.

మీ బిన్ తనిఖీ అయింది. ఎనభై నాలుగు పేపర్ ప్లేట్లు, వాటికి తగినన్ని కోడి ఎముకలు దొరికాయి. ఒంటరి మనిషి అంత తినలేరు గనుక మీ ఇంటిని లైసెన్సు లేని హోటల్‌గా నమోదు చేశారు. బిల్లు నాలుగు రెట్లు. చర్చి సంగతి మీరు రాశారు, నేను చదివాను. తనిఖీవాళ్లు ఉత్తరాలు చదవరు, చెత్తే చదువుతారు.

భవదీయుడు,
జితేందర్

తా.క.: మసాలా బాగా కుదిరినట్టుందని రిపోర్టులో రాశారు. అది మీకు వ్యతిరేకంగా లెక్కలోకి వస్తుంది.

మార్చి 31

అయ్యా జితేందర్ గారూ,

చెత్తే చదివేవాళ్లయితే రెండో సంచి కూడా చదవమనండి. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఇచ్చిన ప్లాస్టిక్ గ్లాసులుంటాయి, ఒక్కోటి బొటనవేలంత. ఏ హోటల్లో అంతే పోస్తారు? ఈ ఇల్లు పోతే నేను ఎక్కడుండాలో కూడా ఆ రిపోర్టులో రాయించండి.

ఇట్లు,
హోటల్ లేని జోసఫిన్

తా.క.: ఈ వారం బిన్‌లో నా సొంత చెత్త కూడా ఉంది. మీ ఉత్తరాల కవర్లు.

ఏప్రిల్ 9

జోసఫిన్ గారికి నమస్కారం.

రెండో సంచి చదివారు. పేద కుటుంబంగా మీ దరఖాస్తు తిరస్కరించారు. హోటల్ అన్న మాట వెనక్కి తీసుకున్నారు. గ్లాసుల ఆధారంగా మీ ఇంటిని ప్రార్థనా మందిరంగా నమోదు చేశారు. మందిరాలకు సగం కాదు, మొత్తం మాఫీ. పాత బాకీ కొట్టేశారు, ఇంటి మీద నోటీసు రద్దయింది. దీనికి కాగితాలేవీ అక్కర్లేదు.

భవదీయుడు,
జితేందర్

తా.క.: నేనూ రెండు బిల్లులు కట్టలేదు. ఇక్కడిచ్చే జీతం రాయితీకి ఎక్కువ, బిల్లుకు తక్కువ. ఆ గ్లాసులు ఎక్కడ దొరుకుతాయి?