తడి బొగ్గు

వదినగారికి నమస్కారం. నా దగ్గు తగ్గింది, బెంగపడకండి.

అన్నయ్య గని నుంచి పంపిన చివరి బొగ్గు నమూనాలో సగం మా ల్యాబులో గాలి చొరని సంచీలో దాచి ఉంచాం. ఏడాది నిండిందని నిన్న పారేయమన్నారు. సంచీకి అన్నయ్య కట్టిన చీటీ ఉంది: "ఒరేయ్, తడి ఎక్కువ. నెమ్మదిగా వేడి చెయ్యి."

అప్పుడు ఆ చీటీని నేను చూడనే లేదు. రోజూ చమురు శుద్ధిలో మిగిలే కోక్ అనే నల్లటి గడ్డలు కాల్చే చెయ్యి నాది. అందులో గ్యాసు తక్కువ, ఎంత వేడిలో పెట్టినా కిక్కురుమనదు. ఆ అలవాటుతో బొగ్గునీ ఎర్రగా కాలిన ఫర్నేసులోకి ఒక్కసారే తోశాను. చిటపటమని గిన్నె దాటి చిందింది, గ్యాసు ఎంతుందో తేల్చే లెక్క తప్పింది. "నమూనా తీయడం కూడా చేతకాదా నీకు?" అని ఫోనులో అన్నయ్య మీద అరిచాను. ఆ వారంలోనే ఆయన పోయాడు.

నిన్న ఆయన చెప్పినట్టే చేశాను. గ్యాసంతా బుద్ధిగా బయటికొచ్చింది, ఒక్క రవ్వ చిందలేదు. తప్పు నాదే వదినా.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? వంటింటి కుళాయి నేనొచ్చి బాగుచేస్తాను. చిన్నదానికి ఆశీస్సులు.

ఫోనులో అడగడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. ఆ రోజు ఫోను పెట్టేశాక అన్నయ్య మీతో ఏమన్నాడు? నన్ను తిట్టినా సరే, ఉన్నదున్నట్టు రాయండి.

మీ మరిది