బుగ్గన లవంగం

ముసఫ్ఫా, అబుదాబి
మార్చి 2023

నాన్నకు,

నీ పెద్దమ్మాయి కెజియా రాస్తున్నది. దేవుని దయవల్ల అమ్మా నేనూ ఇక్కడ కులాసా. నువ్వూ తమ్ముడూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మాలతి వదినా అక్కడ అలాగే ఉన్నారని తలుస్తాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో మనింట్లో మాట సగంలోనే తెగిపోతుంది. అందుకే ఊరొస్తున్నవాళ్ళ చేతికి ఇస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవి. అమ్మ మోకాలు ఇప్పుడు నయం. నా క్లినిక్‌లో పని బాగానే ఉంది, రక్తం తీసేటప్పుడు నా చెయ్యి తేలికని పిల్లల తల్లులు నన్నే అడుగుతున్నారు. కొత్త స్నానాలగదికి ఏ రంగు టైల్స్ వేయించాలో కనుక్కోమన్నావు. అమ్మ నీలం అంది. టైల్స్‌కి కూడా నన్నడిగాడా అని, చాలాసేపు నవ్వుకుంటూ కూర్చుంది.

ఇక పెద్ద ప్రశ్న. అక్షరం రాని అమ్మ చర్చిలో ఆ కౌన్సెలింగ్ కోర్సు, అదే కష్టంలో ఉన్నవాళ్ళ గోడు వినే చదువు, ఎలా పాసయిందని రాయించావు. పాఠాలన్నీ నేను ఫోనులో చదివి రికార్డు చేశాను. అమ్మ తను పనిచేసే మేడమ్ గారింట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ వినేది. పరీక్ష నోటితోనే. యాభై దాటాక నాకు బడేంటే అని మొదట్లో సణిగింది గానీ, తర్వాత నేను పాఠం ఆలస్యం చేస్తే తనే ఫోను చేసి తిట్టేది.

అసలు కష్టం చదువు కాదు నాన్నా, ప్రార్థన. మనవాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. ఎవరైనా కష్టం అని నోరు తెరిస్తే చాలు, కళ్ళు మూసేసుకుని ప్రార్థన మొదలెడతాం. మొదటి శుక్రవారం (ఇక్కడ మన చర్చికి శుక్రవారమే ఆదివారం) క్లాసులో పాస్టరమ్మగారు వినోదినిగారు కష్టంలో ఉన్న మనిషిలా నటించారు. "మా ఆయన ఫోను ఎత్తడం లేదండీ" అన్నారో లేదో, అమ్మ లేచి, ముసుగు వేసుకుని, గది అదిరేలా ప్రార్థన అందుకుంది. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి అందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

పాస్టరమ్మగారు మాత్రం నవ్వలేదు. "చిట్టెమ్మగారూ, ప్రార్థన చాలా బాగుంది. కానీ నా కష్టం మీరింకా విననే లేదు. దేవుడికి ఏం చెప్పారు?" అన్నారు.

మరుసటి శుక్రవారం అమ్మ పంటినొప్పికి పెట్టుకునే లవంగం ఒకటి బుగ్గన పెట్టుకుని వచ్చింది. అది మెత్తబడేదాకా నోరు తెరవనని తనకు తానే ఒట్టు పెట్టుకుందట. మంటకి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఎదుటివాళ్ళు, మా కోసమే ఏడుస్తోంది అనుకుని ఇంకా ఎక్కువ చెప్పుకున్నారు.

పక్క విల్లాలో పనిచేసే హుస్సేనమ్మది కడప వైపు. ఒకరోజు చెత్త పారేయడానికి వచ్చి, గోడ దగ్గర అమ్మతో చాలాసేపు మాట్లాడి వెళ్ళిందట. తర్వాత నేను కనబడితే చెయ్యి పట్టుకుని, "మీ యమ్మ ఒక్క మాటా చెప్పల్యా పాపా, ఊరికే వినె. నా గుండె తేలికైపాయ" అంది. ఏం చెప్పుకుందని అమ్మని ఎంత అడిగినా, "ఖలాస్, అది ఆమెది" అని తేల్చేసింది. వీధి కబుర్లన్నీ మోసుకొచ్చే మన చిట్టెమ్మేనా అనిపించింది.

సర్టిఫికెట్టు ఇచ్చిన రోజు అమ్మ నువ్వు కొన్న మెంతిరంగు చీర కట్టుకుంది. పేరు పిలిస్తే నా వైపు చూసింది. మన ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనేనని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ రోజు పక్కకి జరిగి అమ్మకి చోటిచ్చాను నాన్నా, ఎంత సంతోషమో.

మాలతి వదినా, ఇక్కడినుంచి కాస్త నెమ్మదిగా చదువు.

నాన్నా, వేసవికి అమ్మ వస్తుంది. కానీ రెండు నెలలకే. చర్చి వెనకగదిలో ప్రతి శుక్రవారం ఇళ్ళలో పనిచేసే మన తెలుగు ఆడవాళ్ళ గోడు వినడానికి కూర్చోమని పెద్దలు అడిగారు. ఇప్పటికే గుమ్మం బయట చెప్పులు నిండిపోతున్నాయి. మేడమ్ ఇంకో రెండేళ్ళు వీసా వేయిస్తానంది. అమ్మకి ఉండాలని ఉంది. నీకు చెప్పబోయిన ప్రతిసారీ నువ్వు టైల్స్ గురించో, గేదె గురించో మొదలెడతావు, తను ఆగిపోతుంది.

నువ్వు కాదంటే ఉండదు. నాతో ఏమందో అలాగే రాస్తున్నాను: "మీ నాన్న వొద్దంటే వొచ్చేత్తానే. కానీ మొత్తం విని వొద్దంటే బాగుణ్ణు."

నువ్వు ఒంటరిగా ఎన్నేళ్ళు వండుకుని తిన్నావో నాకు తెలుసు. అందుకే ఒప్పుకోమని అడగను. విను, అంతే. ఈ శుక్రవారం ఆరాధన అయ్యాక అమ్మ ఫోను చేస్తుంది. కవరులో చిన్న పొట్లం ఉంది, ఫోను మోగగానే అందులోది ఒకటి బుగ్గన పెట్టుకో. అది మెత్తబడ్డాక నువ్వేమన్నా సరే.

మాలతి వదినా, పొరపాటున వాటిని కూరలో వేసేయకు.

ఇట్లు,
శుక్రవారం అమ్మ పక్కనే కూర్చోబోయే
నీ పెద్దమ్మాయి కెజియా