అచ్చమ్మగారితో ఏటి గట్టున

ఉమ్‌కోమాస్, దక్షిణాఫ్రికా,
మంగళవారం.

ప్రియమైన అక్కకు,

సుజాత నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీకక్కడ చలి మొదలై ఉంటుంది. ఇక్కడ ఎండలు, ఉక్కపోత. చెరుకు తోటలు తగలబెట్టిన మసి ఆరేసిన బట్టల మీద పడుతోంది.

ఆసుపత్రిలో పని ఎక్కువే, అలవాటైపోయింది. తిండికి లోటు లేదు. మా ఇంటి ఓనరు అచ్చమ్మగారు రోజూ ఏదో ఒకటి పంపుతారు. నిన్న చామదుంపల పులుసు. ఆవిడ తాతలు విశాఖ వైపు నుంచి చెరుకు తోటల పనికి వచ్చారట. ఆవిడకు డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. సాయంత్రాలు ఆవిడే లేకపోతే నాకు ఏడుపే గతి.

మొన్న ఆదివారం సంగతి నీకు చెప్పాలి. అమ్మకు మాత్రం చదివి వినిపించకు.

ఇక్కడికి దగ్గర్లో ఒక ఏరుంది. దాని గట్టు మీద సన్నటి కాలిబాట సముద్రం దాకా పోతుంది. ఎంతో దూరం లేదు. అచ్చమ్మగారు వయసులో ఉండగా తెల్లవాళ్ళింట్లో ఆయాగా చేశారు. వాళ్ళ బిడ్డను ఎత్తుకుని రోజూ ఆ దారినే వెళ్ళేవారట. ఆ సముద్రపొడ్డు తెల్లవాళ్ళదని అప్పట్లో బోర్డుండేది. చంకలో వాళ్ళ బిడ్డ ఉంటేనే ఆవిడను రానిచ్చేవారు, అదీ నీళ్ళలో కాలు పెట్టకుండా. బోర్డు తీసేసి కొన్నేళ్ళయినా, అందరికీ ఓటు వచ్చి ఎన్నికలు కూడా అయిపోయినా, ఆవిడ మళ్ళీ అటు పోలేదు. మొన్న పొద్దున ఉన్నట్టుండి, "అమ్మీ, సముద్రంకి పోతాను, ఒస్తావా?" అన్నారు.

సగం దారిలో ఒక తెల్ల ముసలాయన, గొలుసుతో పెద్ద కుక్కను పట్టుకుని, బాటకు అడ్డంగా నిలబడ్డాడు. ఒకవైపు ముళ్ళ పొదలు, మరోవైపు ఏరు. ఎవరింట్లో పనిచేస్తారని అడిగాడు. నా ఉద్యోగం పర్మిట్ ఏడాదికే కదా, గొడవైతే ఏమవుతుందోనని ఆవిడ చెయ్యి పట్టి వెనక్కి లాగాను. ఆవిడ కదలలేదు. ఎవరింట్లోనూ కాదని, నడవడానికి వచ్చామని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. ఆయన జరగలేదు. కుక్క గుర్రుమంటోంది. ఆవిడ కొంగు దోపుకుని, పొదల్లోకి ఒరిగి, కుక్కను రాసుకుంటూ దాటేశారు. వెనకే నేను. ముళ్ళకు చెయ్యంతా గీరుకుపోయింది.

సముద్రం చేరాక ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డారు. నేను సముద్రం చూడనే లేదక్కా. బాట వైపే చూస్తున్నాను. ఆయన అక్కడే ఉన్నాడు. ఇంటికి పోవడానికి మాకు వేరే దారి లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ పొదల్లోకి ఒరగలేదు. తడి చీరతో ఆయనకు ఎదురుగా వెళ్ళి ఆగారు. కుక్క వచ్చి ఆ తడి కుచ్చిళ్ళు వాసన చూసింది. చాలాసేపటికి ఆయన గొలుసు లాక్కుని ఏటి బురదలోకి దిగి దారి ఇచ్చాడు. ఆవిడ థాంక్యూ అన్నారు. ఆయన తలెత్తలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ తాళంచెవి నా చేతిలో పెడితే నేనే తలుపు తీశాను. కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి అన్నారు: "నీకు బయం. నాకూ బయమే. ఒచ్చే ఆదివారం మళ్ళీ పోతాను. నువ్వు రాకపోతే కోపం లేదు."

వస్తానన్నాను.

దిగులు పడకు, నేను నిజంగా బాగానే ఉన్నాను. ఇటు వచ్చేవాళ్ళుంటే కాస్త ఇంగువ పంపు. అమ్మానాన్నలకు, బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ప్రతి ఉత్తరంలో అడుగుతూనే ఉంటాను గానీ, నీ దీవెన ఈసారి నిజంగానే కావాలి. ఆదివారం ఆ బాటలో నేను ముందు నడుస్తాను.

నీ చెల్లెలు,
సుజాత