మా పుట్టింటి రక్తం

బావగారికి, మీ తమ్ముడి భార్య నమస్కరించి రాస్తున్నది.

మావాడు మనసు బాగోలేక కాలేజీ మానేసినప్పటి నుంచీ "అంతా మీ పుట్టింటి రక్తమమ్మా" అని మీరు అంటూనే ఉన్నారు, నేను పడుతూనే ఉన్నాను. ఇలాంటి జబ్బులు కుర్రాళ్ళకి వంశంలో ఎలా వస్తాయో పరిశోధిస్తున్న డాక్టరమ్మ, రెండు వైపుల వాళ్ళనీ గొట్టంలో కాస్త ఉమ్మి ఇమ్మంది. మా నాన్న చేతికర్ర పట్టుకుని మరీ వచ్చి ఇచ్చాడు. మీరేమో పన్ను పీకించుకున్నానని కబురు పెట్టారు. ఆ సాయంత్రమే మీ తమ్ముడికి ఫోన్ చేసి, మన వంశాన్ని బజారుకీడుస్తావా అని గంటసేపు అరిచారు. పన్ను పోయినా నోరు పోలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

మీ ఉమ్మి మీ దగ్గరే ఉంచుకోండి. నిన్న మీ పెద్దమ్మాయి తనంతట తనే ఆస్పత్రికొచ్చి ఇచ్చింది. మీ సంతకం అక్కర్లేని వయసే. ఇచ్చాక వెళ్ళకుండా డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, తనకీ నెలల తరబడి నిద్ర లేదనీ, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తోందనీ ఏడ్చింది. "నాన్నకి నువ్వే చెప్పు పిన్నీ, నాకు భయం" అంది.

ముందు పిల్లకి వైద్యం చేయించండి, అరవకుండా. తరవాత తీరిగ్గా జవాబు రాయండి, దాని ఒంట్లో ఉన్నది కూడా మా పుట్టింటి రక్తమేనా?